గెట్ తర్వాత ఏముంది? ఒక ఇంగ్లిష్ క్రియను వైజాగ్ మాటలతో పట్టుకునే పద్ధతి

ఇంగ్లిష్‌లో ‘గెట్’ అర్థాలన్నీ వరుసగా రాసుకుని బట్టీ పట్టేవాళ్లు చాలామంది. పుస్తకం మూసి మాట్లాడబోతే ఆ జాబితాలో ఒక్కటీ నోటికి రాదు. గెట్‌కు సొంత అర్థం చాలా పలచన, అందుకే ఈ ఇబ్బంది. దాని తర్వాత వచ్చే మాటే అర్థాన్ని తేలుస్తుంది. వస్తువు పేరు వస్తే దొరకడం, గుణం చెప్పే మాట వస్తే అలా మారడం, ఊరి పేరు వస్తే చేరడం, వస్తువూ దాని వెనకే క్రియ మూడో రూపమూ వస్తే చేయించడం. గెట్ కనబడగానే కళ్లు పక్క మాట మీదికి వెళ్లాలి. అర్థం అక్కడుంటుంది.

ముందు రూపాలు. గెట్, గాట్, గాట్. అమెరికన్లు మూడో రూపంగా ‘గాటెన్’ కూడా వాడతారు. అది పాత రూపమే, బ్రిటన్‌లో వాడుక తగ్గినా అమెరికాలో నిలిచింది. ‘డిడ్’ వచ్చిందంటే గెట్ మొదటి రూపంలోనే ఉండాలి: “డిడ్ యు గెట్ ది టికెట్?” సరైనది, “డిడ్ యు గాట్” తప్పు. పలికేటప్పుడు చివర ఉకారం చేర్చి ‘గెట్టు’ అనకండి. ట దగ్గర ఆపి పక్క మాటతో కలిపేయండి. “గెట్ ఇట్” అన్నది ‘గెటిట్’ అని, అమెరికన్ల నోట దాదాపు ‘గెడిట్’ అని వినిపిస్తుంది. రుషికొండ కాల్ సెంటర్లలో కొత్తగా చేరినవాళ్లు ఈ కలిపిన ఉచ్చారణ దగ్గర తడబడవచ్చు, కాబట్టి చదవడం కంటే ముందు చెవికి అలవాటు చేయాలి.

“నాకు వచ్చింది” అనే వాక్యాలు

తెలుగులో “నాకు ఉద్యోగం వచ్చింది” అన్నప్పుడు వచ్చేది ఉద్యోగం, మనం ‘నాకు’ అని పక్కన నిలబడతాం. ఇంగ్లిష్‌లో గెట్ పెట్టగానే మనిషి కర్తగా ముందుకు వస్తాడు: “ఐ గాట్ ఎ జాబ్.” ఈ ఒక్క మలుపు అలవాటైతే సగం పని అయినట్టే. నాకు 80 మార్కులు వచ్చాయి, “ఐ గాట్ 80 మార్క్స్.” బ్యాంకు నుంచి ఫోన్ వచ్చింది, “ఐ గాట్ ఎ కాల్ ఫ్రమ్ ది బ్యాంక్.” ఈ చీర 900కి వచ్చింది, “ఐ గాట్ దిస్ శారీ ఫర్ 900 రూపీస్.” ధర ముందు ‘ఫర్’ మరిచిపోవద్దు.

ఆంధ్రా యూనివర్సిటీలో సీటు వచ్చిందని చెప్పడానికి “ఐ గాట్ ఎ సీట్ ఇన్ ఆంధ్రా యూనివర్సిటీ” అంటే మన దేశంలో అందరికీ తెలుస్తుంది. బయటి దేశాల వాళ్లతో మాట్లాడుతుంటే “ఐ గాట్ ఇంటు ఆంధ్రా యూనివర్సిటీ” అనండి. వాళ్లకు సీటు అంటే కుర్చీయే గుర్తొస్తుంది.

జ్వరాలు, జబ్బుల దగ్గర రెండు జాగ్రత్తలు. మొదటిది ‘ఎ’ సంగతి. జలుబు, దగ్గు, తలనొప్పి, జ్వరం చెప్పేటప్పుడు ‘ఎ’ పెట్టాలి: “ఐ గాట్ ఎ కోల్డ్”, “ఐ గాట్ ఎ హెడేక్”. మలేరియా, డెంగీ లాంటి పేరున్న జబ్బులకు అక్కర్లేదు: “హి గాట్ డెంగీ.” రెండోది కాలం. ఆసుపత్రిలో డాక్టర్‌కు “ఐ యామ్ గెట్టింగ్ ఫీవర్ ఫ్రమ్ త్రీ డేస్” అని చెప్పడం మనవాళ్లలో బాగా కనిపించే తప్పు. మూడు రోజులుగా వదలకుండా ఉంటే “ఐ హావ్ హ్యాడ్ ఎ ఫీవర్ ఫర్ త్రీ డేస్.” పగలు తగ్గి సాయంత్రం కాగానే మళ్లీ వస్తుంటే “ఐ గెట్ ఎ ఫీవర్ ఎవ్రీ ఈవినింగ్.” ఈ రెండు జ్వరాల మధ్య తేడా డాక్టర్‌కు చాలా ముఖ్యం. అందుకే ఈ రెండు వాక్యాలనూ గట్టిగా పలికి అలవాటు చేసుకోండి.

అయితే ‘వచ్చింది’ అన్న ప్రతిచోటా గెట్ కుదరదు. నాకు కల వచ్చింది అంటే “ఐ హ్యాడ్ ఎ డ్రీమ్.” గుర్తొచ్చింది అంటే “ఐ రిమెంబర్డ్.” ఏడుపొచ్చింది అంటే “ఐ ఫెల్ట్ లైక్ క్రైయింగ్.” నాకు ఇంగ్లిష్ వచ్చు అన్నప్పుడు “ఐ కెన్ స్పీక్ ఇంగ్లిష్.” క్లాసులో డౌటు వచ్చిందంటే “ఐ గాట్ ఎ డౌట్” అనేస్తాం. ఇంగ్లిష్‌లో ఆ మాటకు నమ్మకం కుదరడం లేదనే అర్థం ఎక్కువ. అడగాల్సింది ఉంటే “ఐ హావ్ ఎ క్వశ్చన్” అనడమే మంచిది.

దొరకడం, తేవడం

ఈ అర్థంలో గెట్ తర్వాత వస్తువు ఉండి తీరాలి. “ఆటో దొరకలేదు” అనుకుని “ఐ డిడ్‌న్ట్ గెట్” అని ఆపేస్తే వాక్యం గాల్లో ఉండిపోతుంది. “ఐ డిడ్‌న్ట్ గెట్ యాన్ ఆటో” అనాలి. ఆటో సంగతి ముందే నడుస్తుంటే “ఐ డిడ్‌న్ట్ గెట్ వన్” చాలు. ప్రయత్నించినా దొరకలేదని చెప్పాలంటే “ఐ కుడ్‌న్ట్ గెట్ వన్” ఇంకా బాగుంటుంది.

“ఫిషింగ్ హార్బర్‌లో తాజా చేపలు దొరుకుతాయి” అన్నదాన్ని “ఫ్రెష్ ఫిష్ ఈజ్ గెట్టింగ్ ఎట్ ది ఫిషింగ్ హార్బర్” అని మార్చడం మరో తప్పు. చేప దేన్నీ గెట్ చేయదు. ఇక్కడ ఇంగ్లిష్‌వాళ్లు అందరికీ వర్తించే ‘యు’ పెడతారు: “యు గెట్ ఫ్రెష్ ఫిష్ ఎట్ ది ఫిషింగ్ హార్బర్.” ఎదుటివాణ్ణి ఉద్దేశించి అన్నది కాదిది, ఎవరు వెళ్లినా దొరుకుతుందని భావం. దుకాణంలో “ఈ సైజు దొరుకుతుందా?” అని అడగడానికి మాత్రం గెట్ వద్దు, “డు యు హావ్ దిస్ సైజ్?” అనండి.

తెచ్చిపెట్టడానికి మనిషిని ముందు, వస్తువును తర్వాత పెడతారు: “కెన్ యు గెట్ మీ సమ్ వాటర్?” వస్తువు ముందుకొస్తే ‘ఫర్’ కావాలి: “కెన్ యు గెట్ సమ్ వాటర్ ఫర్ మీ?” ‘టు మీ’ అనకూడదు.

మారడం

గెట్ తర్వాత గుణం చెప్పే మాట ఉంటే ఆ స్థితిలోకి మారడం. చీకటి పడుతోంది, “ఇట్స్ గెట్టింగ్ డార్క్.” ఆలస్యమవుతోంది, “ఇట్స్ గెట్టింగ్ లేట్.” మే నెల ఉక్కపోత రోజురోజుకూ పెరుగుతోందంటే “ఇట్స్ గెట్టింగ్ మోర్ అండ్ మోర్ హ్యూమిడ్.”

ఇక్కడ తెలుగు మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. కోపం, నిద్ర మనకు నామవాచకాలు, అందుకే “ఐ గాట్ యాంగర్”, “ఐ యామ్ గెట్టింగ్ స్లీప్” అని వచ్చేస్తుంది. “ఐ గాట్ యాంగ్రీ”, “ఐ యామ్ గెట్టింగ్ స్లీపీ” అనాలి. ఇంకో తేడా కూడా చూడండి. “ఐ యామ్ గెట్టింగ్ హంగ్రీ” అంటే ఆకలి మొదలవుతోంది. కడుపు కాలిపోతుంటే “ఐ యామ్ హంగ్రీ.” గెట్ మార్పును చెబుతుంది, ‘యామ్’, ‘ఈజ్’ ఉన్న స్థితిని చెబుతాయి. పెళ్లి మాటల్లోనూ ఇదే లెక్క: “షి గాట్ మ్యారీడ్ ఇన్ 2019” అంటే ఆ ఏడాది పెళ్లయింది, “షి ఈజ్ మ్యారీడ్” అంటే పెళ్లయిన మనిషి. ఎవరితో పెళ్లయిందో చెప్పడానికి ‘విత్’ కాకుండా ‘టు’ వాడాలి: “షి గాట్ మ్యారీడ్ టు ఎ నేవీ ఆఫీసర్.”

ఈ అర్థంలో గెట్ తర్వాత వృత్తి పేరు పెట్టకూడదు. “హి గాట్ ఎ డాక్టర్” అంటే అతను డాక్టర్ అయ్యాడని కాదు, డాక్టర్‌ను పిలుచుకొచ్చాడని. అయ్యాడని చెప్పడానికి ‘బికేమ్’ కావాలి. గడియారం దగ్గరా గెట్ పనికిరాదు: తొమ్మిదయింది అంటే “ఇట్స్ నైన్ ఓ క్లాక్.”

చేరడం, ఎక్కడం, దిగడం

ఊరి పేరు ముందు ‘టు’ ఉంటుంది: “హౌ డు ఐ గెట్ టు సింహాచలం?” హోమ్, హియర్, దేర్ ముందు ‘టు’ ఉండదు: “వాట్ టైమ్ డిడ్ యు గెట్ హోమ్?” ‘రీచ్’ మాత్రం ఎప్పుడూ ‘టు’ తీసుకోదు. “ఐ రీచ్డ్ టు గాజువాక” తప్పు, “ఐ గాట్ టు గాజువాక” లేదా “ఐ రీచ్డ్ గాజువాక” సరైనవి.

వాహనాల దగ్గర ఒక చిన్న పరీక్ష పెట్టుకోండి. లోపల నిలబడి నాలుగు అడుగులు నడవగలిగితే ఎక్కడానికి ‘గెట్ ఆన్’, దిగడానికి ‘గెట్ ఆఫ్’. బస్సు, రైలు, ఓడ, విమానం ఇందులోకి వస్తాయి. వంగి లోపలికి దూరి కూర్చోవాల్సిందైతే ‘గెట్ ఇంటు’, ‘గెట్ అవుట్ ఆఫ్’. కారు, ట్యాక్సీ, ఆటో, చిన్న పడవ ఈ కోవలోవి. కాళ్లు అటొకటి ఇటొకటి వేసి కూర్చునే సైకిల్, బైక్, గుర్రం మళ్లీ ‘ఆన్’, ‘ఆఫ్’ వైపే. కాంప్లెక్స్ (వైజాగ్ ఆర్టీసీ బస్టాండ్) దగ్గర బస్సు ఎక్కి మద్దిలపాలెంలో దిగితే “ఐ గాట్ ఆన్ ఎట్ ది కాంప్లెక్స్ అండ్ గాట్ ఆఫ్ ఎట్ మద్దిలపాలెం.” షేర్ ఆటోలో అదే ప్రయాణమైతే “గాట్ ఇన్”, “గాట్ అవుట్”. ఆటో పేరు చెప్పాల్సి వస్తేనే ‘ఇంటు’, ‘అవుట్ ఆఫ్’.

మనం వాడే “గెట్ డౌన్ ఎట్ ది నెక్స్ట్ స్టాప్” దేశంలో ఎక్కడైనా చెల్లుతుంది. దేశం దాటాక ‘గెట్ డౌన్’కు నిచ్చెన మీంచో చెట్టు మీంచో దిగడం, లేదా ప్రమాదం వచ్చినప్పుడు నేలకు వంగడం అని అర్థం. విదేశీ ప్రయాణికుడికి దారి చెబుతున్నప్పుడు ‘గెట్ ఆఫ్’ అనడమే మేలు.

చేయించడం

గెట్‌లో తెలుగువాళ్లకు ఎక్కువగా ఉపయోగపడేది ఇదే, ఎక్కువగా తప్పుపోయేదీ ఇదే. తెలుగులో కుట్టాను, కుట్టించాను అని ఒక్క ‘ఇంచు’తో తేడా తెలిసిపోతుంది. ఇంగ్లిష్‌లో ఆ పని గెట్ చేస్తుంది. “ఐ స్టిచ్డ్ మై బ్లౌజ్” అంటే మిషన్ ముందు కూర్చుని మీరే కుట్టుకున్నారని. టైలర్ దగ్గర కుట్టించుకుంటే “ఐ గాట్ మై బ్లౌజ్ స్టిచ్డ్.” “ఐ రిపేర్డ్ మై ఫోన్” అంటే మీరే విప్పి బాగుచేశారని. జగదాంబ జంక్షన్ దగ్గర ఇచ్చి బాగుచేయిస్తే “ఐ గాట్ మై ఫోన్ రిపేర్డ్ ఎట్ జగదాంబ.”

వరుస ఇది: గెట్, తర్వాత వస్తువు, ఆ తర్వాత క్లాసుల్లో వీత్రీ అని పిలిచే మూడో రూపం. వస్తువు మధ్యలోనే ఉండాలి. “ఐ గాట్ రిపేర్డ్ మై ఫోన్” అంటే వరుస తప్పినట్టే. సాధన ఇలా చేయండి. ఒక కాగితం మీద ‘ఇంచు’తో ముగిసే పది పనులు తెలుగులో రాయండి: జుట్టు కత్తిరింపించుకోవడం, బండి సర్వీసింగ్ చేయించడం, గోడలకు రంగు వేయించడం, పంపు బాగుచేయించడం, రక్తపరీక్ష చేయించడం, ఆధార్‌లో చిరునామా మార్పించడం, ఇలా. ప్రతిదానిలో ముందు వస్తువును గుర్తించి గీత గీయండి. దానికి ఎడమవైపు ‘గెట్’, కుడివైపు మూడో రూపం పెట్టండి. “గెట్ మై హెయిర్ కట్”, “గెట్ ది వాల్స్ పెయింటెడ్”, “గెట్ మై బ్లడ్ టెస్టెడ్”, “గెట్ మై అడ్రస్ చేంజ్‌డ్”. కట్ మూడు రూపాల్లోనూ కట్ గానే ఉంటుంది, దాన్ని చూసి తికమకపడకండి.

పని చేసిన మనిషిని కూడా చెప్పాలంటే వరుస మారుతుంది: గెట్, మనిషి, ‘టు’, క్రియ మొదటి రూపం. “ఐ గాట్ ది ఎలక్ట్రీషియన్ టు ఫిక్స్ ది ఫ్యాన్.” ‘మేక్’, ‘హావ్’ అయితే ‘టు’ ఉండదు: “ఐ మేడ్ హిమ్ ఫిక్స్ ఇట్”, “ఐ హ్యాడ్ హిమ్ ఫిక్స్ ఇట్.” మూడింటికీ చేయించాను అనే అనువాదమే అయినా లోపలి సంగతి వేరు. ‘మేడ్’లో బలవంతం ఉంది. ‘హ్యాడ్’లో పని అప్పగించడం ఉంది. ‘గాట్’లో అడిగి, నచ్చజెప్పి ఒప్పించడం ఉంది. పూర్ణా మార్కెట్‌లో బేరమాడి ధర తగ్గించగలిగితే “ఐ గాట్ హిమ్ టు బ్రింగ్ డౌన్ ది ప్రైస్” అనడం సరిగ్గా అతుకుతుంది. అదే పై అధికారికి రాస్తూ “ఐ మేడ్ మై టీమ్ వర్క్ ఆన్ సండే” అంటే మీరు మొండిగా పని చేయించారన్న ధ్వని వస్తుంది.

ఒకచోట మాత్రం సందర్భాన్ని నమ్మాలి. “ఐ విల్ గెట్ ది రిపోర్ట్ డన్ బై ఫైవ్” అంటే ఎవరితోనో చేయిస్తానని కావచ్చు, నేనే పూర్తి చేస్తానని కూడా కావచ్చు. ఎవరు చేస్తారన్నది ముఖ్యమైతే “ఐ విల్ ఫినిష్ ఇట్ మైసెల్ఫ్” అని తేల్చి చెప్పండి.

‘పడ్డాయి’, ‘అయింది’ అన్నప్పుడు

వస్తువు లేకుండా గెట్ వెనకే మూడో రూపం వస్తే కర్తకు ఏదో జరిగిందని అర్థం. “మై టికెట్ గాట్ కన్ఫర్మ్‌డ్.” “మెనీ ట్రీస్ గాట్ అప్‌రూటెడ్ ఇన్ హుద్‌హుద్.” 2014 అక్టోబర్ 12న ఆ తుపాను విశాఖ తీరాన్ని దాటినప్పుడు జరిగినదాన్ని ఇంట్లో కబుర్లలో ఇలా చెప్పుకోవచ్చు. పత్రికకో ఆఫీసుకో రాసేటప్పుడు గాట్ తీసేసి ‘వర్’ పెట్టాలి: “మెనీ ట్రీస్ వర్ అప్‌రూటెడ్.” ఒకరు తలపెట్టి పద్ధతిగా చేసిన పనులకు గాట్ అసలు నప్పదు. ఆంధ్రా యూనివర్సిటీ 1926లో ఏర్పడింది, “వాజ్ ఎస్టాబ్లిష్డ్”. కురుసుర జలాంతర్గామిని 2002లో మ్యూజియంగా తెరిచారు, “వాజ్ ఓపెన్డ్”. వీటిలో “గాట్ ఎస్టాబ్లిష్డ్” అని రాస్తే పరీక్షలో మార్కు పోతుంది.

“ది మీటింగ్ గాట్ ఓవర్” మన ఆఫీసుల్లో రోజూ వినిపిస్తుంది. “ది మీటింగ్ ఈజ్ ఓవర్” అనండి. పాలు విరిగిపోతే “ది మిల్క్ గాట్ స్పాయిల్డ్” బదులు “ది మిల్క్ హాజ్ గాన్ బ్యాడ్.”

‘గాట్ టు’ మూడు రకాలు

“ఐ గాట్ టు సీ ది నేవీ డే షో” అంటే చూసే అవకాశం దొరికింది. “ఐ హావ్ గాట్ టు గో” అంటే వెళ్లి తీరాలి. వేగంగా మాట్లాడేటప్పుడు ‘హావ్’ మింగేసి ‘గాటా’ అంటారు, అదీ వెళ్లాలనే. “ఐ గాట్ టు నో హిమ్ ఎట్ ది షిప్‌యార్డ్” అంటే అక్కడ పరిచయం పెరిగింది. వార్త తెలిసిందని చెప్పడానికి ఇది పనికిరాదు, “ఐ హర్డ్” లేదా “ఐ ఫౌండ్ అవుట్” అనాలి.

“ఐ హావ్ గాట్ టూ సిస్టర్స్” అంటే ఉన్నారని మాత్రమే, కొత్తగా ఎవరూ రాలేదు. “షి హాజ్ గాట్ ఎ కార్” అంటే ఆమెకు కారు ఉంది. అమెరికన్లు “షి హాజ్ గాటెన్ ఎ కార్” అంటే ఈమధ్య సంపాదించిందని. గతానికి ఉత్త ‘హ్యాడ్’ సరిపోతుంది.

చిన్న మాటలతో

గెట్ పక్కన త్రూ, బ్యాక్ లాంటి చిన్న మాటలు చేరితే కొత్త అర్థాలు వస్తాయి. అలాంటివి ఒక్కసారిగా ముప్ఫై నేర్చుకోవడం దండగ. ఫోన్‌తో పనిచేసేవాళ్లకు ముందు కావాల్సినవి రెండు. లైన్ కలవలేదంటే “ఐ కుడ్‌న్ట్ గెట్ త్రూ.” కనుక్కుని మళ్లీ చెబుతానంటే “ఐ విల్ గెట్ బ్యాక్ టు యు.” ఈ రెండో వాక్యంలో మాటలు అటూఇటూ అయి “ఐ విల్ గెట్ యు బ్యాక్” అని వస్తే పగ తీర్చుకుంటానని బెదిరించినట్టవుతుంది. కస్టమర్ ముందు ఈ తప్పు దొర్లకుండా ‘బ్యాక్ టు యు’ను ఒకే ముక్కగా గుర్తుపెట్టుకోండి. అర్థం కాలేదని “ఐ యామ్ నాట్ గెట్టింగ్ యు” అనడం మన అలవాటు. స్నేహితులతో “ఐ డోంట్ గెట్ ఇట్” చాలు. కస్టమర్‌తో “సారీ, ఐ డిడ్‌న్ట్ క్యాచ్ దట్” మర్యాదగా ఉంటుంది.

సాధన ఎలా

తెలుగులో ఏడెనిమిది వాక్యాల చిన్న సంఘటన రాసి, ఏ వాక్యంలో గెట్ పడుతుందో ముందు పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. నమూనా ఇది: సాయంత్రం వాన మొదలైంది. కాంప్లెక్స్‌లో బస్సు ఎక్కాను. ఎన్‌ఏడీ కూడలి దగ్గర దిగి తడిసిపోయాను. ఆటో దొరకలేదు. ఇంటికి చేరేసరికి తొమ్మిదయింది. ఫోన్‌లోకి నీళ్లు వెళ్లాయి. ఈ రోజు బాగుచేయించాను. ఇప్పుడు జ్వరం.

ఇంగ్లిష్‌లో: “ఇట్ స్టార్టెడ్ రెయినింగ్ ఇన్ ది ఈవినింగ్. ఐ గాట్ ఆన్ ఎ బస్ ఎట్ ది కాంప్లెక్స్. ఐ గాట్ ఆఫ్ ఎట్ ఎన్‌ఏడీ అండ్ గాట్ వెట్. ఐ కుడ్‌న్ట్ గెట్ యాన్ ఆటో. బై ది టైమ్ ఐ గాట్ హోమ్, ఇట్ వాజ్ నైన్. వాటర్ హ్యాడ్ గాట్ ఇంటు మై ఫోన్. ఐ గాట్ ఇట్ రిపేర్డ్ టుడే. నౌ ఐ హావ్ గాట్ ఎ ఫీవర్.”

వాన మొదలవడానికి, తొమ్మిదవడానికి గెట్ వాడలేదని గమనించండి. ఇప్పుడు ఇదే కథను ఆఫీసుకు సెలవు చీటీగా మార్చి రాయండి. గాట్ ఉన్నచోట్ల బోర్డెడ్, రీచ్డ్, హావ్ ఎ ఫీవర్ లాంటి మాటలు పెట్టండి. విదేశాలకు వెళ్లేవాళ్లు రాసే ఇంగ్లిష్ పరీక్ష ఐఎల్టీఎస్‌లో రాతభాగానికి కూడా ఇదే మార్పిడి పనికొస్తుంది: తీసుకున్నదానికి ‘రిసీవ్’, ప్రయత్నించి సంపాదించినదానికి ‘అబ్టెయిన్’, మారినదానికి ‘బికమ్’, ఒప్పించడానికి ‘పర్స్వేడ్’. మాట్లాడే పరీక్షలో మాత్రం గెట్‌ను దాచకండి. అక్కడ “ఐ అబ్టెయిన్డ్ ఎ కాఫీ” అంటే వినేవాళ్లకు కృత్రిమంగా తోస్తుంది, “ఐ గాట్ ఎ కాఫీ” అనడమే సహజం.